మీ పోర్టల్‌లో ఉన్న లెక్కలనే జనానికి చూపించమంటున్నాం: ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. డబ్బున్న రాజకీయ నాయకులు తమ సొంత కుటుంబ ట్రస్టులకే ఇచ్చుకునే విరాళాల గురించి ఈ లేఖ. ఇదే విషయం మీద ఇదివరకు ఇచ్చిన వినతులు ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్‌కి తిరిగి, చివరికి "సూచన నమోదు చేసుకున్నాం" అన్న ఒక్క వాక్యంతో మూతపడ్డాయి. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు తెచ్చే 12ఏబీ రిజిస్ట్రేషన్, విరాళం ఇచ్చినవారికి పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ అంటే ఏమిటో మీకు చెప్పే పని లేదు. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకున్న కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారిన సంగతీ తెలుసు. ఇన్నాళ్ల రిజిస్ట్రేషన్లు, ఆడిట్ నివేదికలు పాత నంబర్లతోనే ఉన్నాయి కాబట్టి ఆ నంబర్లే వాడుతున్నాం.

ముందు ఒక ఉదాహరణ. 2024లో గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో ప్రకటించిన ఆస్తుల ప్రకారం మొదటి రెండు స్థానాలు మన తెలుగు రాష్ట్రాలవే: గుంటూరు నుంచి 5,700 కోట్లకు పైగా, చేవెళ్ల నుంచి 4,500 కోట్లకు పైగా. నామినేషన్ వేసేటప్పుడు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ అడిగిన ప్రకారం వారు చూపించారు, వారి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మా బాధ ఆ ఫారం గురించి. బంగారం ఎన్ని గ్రాములో అడుగుతుంది. ట్రస్టుకు అప్పిస్తే చెప్పమంటుంది. ట్రస్టుకు ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్నా చెప్పమంటుంది. అదే ట్రస్టుకు విరాళం ఇచ్చినా, అందులో భార్యాపిల్లలు ట్రస్టీలుగా ఉన్నా చెప్పడానికి ఒక్క గడి లేదు. అప్పుగా ఇచ్చిన కోటి కనిపిస్తుంది, విరాళంగా ఇచ్చిన కోటి ఆస్తుల పట్టికలోంచి మాయమవుతుంది. ఆ డబ్బు మీద చెక్కు రాసే అధికారం మాత్రం ఆ ఇంట్లోనే ఉంటుంది. ఫారం 26 మీ శాఖ పరిధిలోది కాదని తెలుసు. కానీ ఆ లోటు పూడ్చగల లెక్కలన్నీ మీ శాఖ దగ్గరే ఉన్నాయి.

ఒక కోటి రూపాయలు ఏ దారిన పోతాయో చూడండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్న వ్యక్తికి 80జీ మినహాయింపు రాదు, కాబట్టి నాయకుడు నేరుగా తన ఖాతా నుంచి ఇస్తే ఆ లాభం ఉండదు. కుటుంబ కంపెనీ నుంచి ఇప్పిస్తారు. 22 శాతం తగ్గింపు పన్ను రేటు ఎంచుకోని కంపెనీకి 80జీ వర్తిస్తుంది. మొత్తం ఆదాయంలో 10 శాతం పరిమితికి లోబడి కోటి విరాళంలో సగం, అంటే 50 లక్షలు మినహాయింపు. సర్‌చార్జి, సెస్సు కలపకుండా 25 శాతం రేటు చొప్పున చూసినా 12,50,000 రూపాయల పన్ను తగ్గుతుంది. ఇది మొదటి రోజే ఖజానా వదులుకున్న సొమ్ము.

ఆ కోటికి "కార్పస్ విరాళం", అంటే ఖర్చు చేయకుండా మూలధనంగా ఉంచాల్సిన విరాళం, అని ఒక లేఖ జతచేస్తారు. అలా రాసి ఇవ్వాల్సింది దాత, పుచ్చుకోవాల్సింది ట్రస్టీ. కుటుంబ ట్రస్టులో రెండు సంతకాలూ ఒకే ఇంటివి, కొన్నిసార్లు ఒకే చేతివి. కార్పస్ అన్న మాట పడగానే, ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం సేవకు ఖర్చు పెట్టాలన్న నిబంధన ఆ కోటికి వర్తించదు. బ్యాంకులో 7 శాతానికి ఎఫ్‌డీ వేశారనుకుందాం. ఏడాదికి 7 లక్షల వడ్డీ. అందులో 5.95 లక్షలు ఖర్చు చూపిస్తే చాలు, 1.05 లక్షలు నిల్వ పెట్టుకోవచ్చు. ఆ 5.95 లక్షల్లోనే ఆఫీసు అద్దె, జీతాలు, ప్రయాణాలు, ప్రారంభోత్సవాల ఖర్చూ కలుస్తాయి. ఆ ఏడాది ఖర్చు కాకపోతే ఫారం 10 వేసి 5 ఏళ్ల వరకు దాచుకోవచ్చు. ఇదే కోటి ఇంట్లో ఒకరి పేరు మీద ఉండి, వారు కొత్త విధానంలో గరిష్ఠంగా 39 శాతం కట్టే వారైతే, ఆ వడ్డీ మీద ఏటా 2.73 లక్షల పన్ను కట్టాలి. ట్రస్టులో సున్నా. పేదలకు చేరింది ఎంతో తెలియదు. ఖజానాకు రానిది ఎంతో మాత్రం పైసలతో సహా లెక్కకట్టవచ్చు.

కంపెనీల చట్టం ఈ చిల్లును ఎప్పుడో పూడ్చింది. 2021 జనవరి 22 నుంచి ఏ సంస్థ కార్పస్‌కు డబ్బిచ్చినా అది సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చు కాదని తేల్చింది. సీఎస్ఆర్ సొమ్ము మూలధనంగా పడి ఉండకూడదన్నదే ఉద్దేశం. అదే ప్రభుత్వంలో, పన్ను చట్టం దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఎందుకు ఆగిపోయిందో దయచేసి చెప్పండి.

ఎఫ్‌డీ అయితే కనీసం వడ్డీ వస్తుంది. భూమి సంగతి ఇంకా దారుణం. సెక్షన్ 11(5) ప్రకారం స్థిరాస్తి అనుమతించిన పెట్టుబడి. కార్పస్‌తో ఊరి చివర పదెకరాలు కొని కంచె వేసి వదిలేస్తే దాని మీద ఆదాయం లేదు. ఆదాయం లేదు కాబట్టి 85 శాతం ఖర్చన్న ప్రశ్నే లేదు. రింగ్ రోడ్డు వచ్చి ధర పెరిగాక అమ్మితే, వచ్చిన సొమ్ముతో ఇంకో ఆస్తి కొంటే చాలు, సెక్షన్ 11(1ఏ) కింద మూలధన లాభం మీద కూడా పన్ను లేదు. పదేళ్లలో ఒక్క రోగికి ఒక్క మాత్ర ఇవ్వకపోయినా కాగితాల మీద ఆ ట్రస్టు ఏ తప్పూ చేయనట్టే. ఆ రోడ్డు ఎటు పోవాలో నిర్ణయించే చోట కూర్చున్న మనిషి కుటుంబానిదే ఆ ట్రస్టు అయితే, ఆ సంగతి జనానికి తెలియాలా వద్దా?

ట్రస్టు సొమ్ముతో సొంతవారికి లాభం చేయడాన్ని అడ్డుకునే సెక్షన్ 13 ఉంది కదా అంటారు. ఉంది. తగిన వడ్డీ, హామీ లేకుండా అప్పివ్వడం, తగిన అద్దె లేకుండా భవనం వాడుకోనివ్వడం, పనికి మించిన జీతం, ఎక్కువ ధరకు కొనడం, తక్కువ ధరకు అమ్మడం, అన్నీ అందులో ఉన్నాయి. రాసిన వారు బాగానే రాశారు. కానీ 2022 ఆర్థిక చట్టం తర్వాత, దొరికిన మేరకే 30 శాతం పన్ను, మొదటిసారి సొంతవారికి మళ్లించిన సొమ్మంత జరిమానా, మళ్లీ చేస్తే దానికి రెట్టింపు. మిగతా ఆదాయానికి మినహాయింపు అలాగే ఉంటుంది. సరే, అదీ కఠినమే అనుకుందాం. 2025లో జరిగిన మార్పే మమ్మల్ని కలవరపెడుతోంది. "గణనీయమైన దాత" అనడానికి ఉన్న 50 వేల హద్దును ఏడాదికి లక్ష, మొత్తం మీద 10 లక్షలు చేశారు. ధరలు పెరిగాయి, ఒప్పుకుంటాం. దాంతోపాటే అలాంటి దాత బంధువులను, వారికి వాటాలున్న సంస్థలను సెక్షన్ 13 వర్తించే వ్యక్తుల జాబితాలోంచి తీసేశారు. వ్యవస్థాపకుడి బంధువులు, ట్రస్టీల బంధువులు జాబితాలో ఇంకా ఉన్నారు. కాబట్టి చేయాల్సిందల్లా ఒకటే: ట్రస్టు పెట్టింది, నడిపేది పీఏ అనో, పాత అనుచరుడనో రాయించి, నాయకుడు కేవలం దాతగా ఉండటం. అప్పుడు ఆయన కొడుకు కంపెనీకి ట్రస్టు ఆసుపత్రి కాంట్రాక్టు ఇచ్చినా, కోడలి భవనానికి రెట్టింపు అద్దె కట్టినా, ఆడిటర్ నింపే ఫారం 10బీ (ట్రస్టు ఆడిట్ నివేదిక) అనుబంధంలో ఆ పేర్లు రాయాల్సిన పని లేదు. వేలమంది చిన్న దాతల వివరాలు సేకరించలేక మంచి ట్రస్టులు ఇబ్బంది పడుతున్నాయన్నది ఆ సవరణకు కారణమైతే, చట్టసభల సభ్యులను, మంత్రులను మినహాయించి మిగతా వారికి ఆ వెసులుబాటు ఇచ్చి ఉండవచ్చు కదమ్మా.

ఇక ఈ చట్టంలో ఎక్కడా లేని లాభం ఒకటుంది. ఓటు. అంబులెన్సు మీద నాయకుడి నిలువెత్తు ఫొటో, మంచినీటి ప్లాంటుకు ఆయన తండ్రి పేరు, పదో తరగతి పిల్లల పరీక్ష అట్టల వెనక పార్టీ రంగులు, కళ్ల శిబిరంలో పంచే అద్దాల పెట్టె మీద కూడా ఆయన ముఖమే. సెక్షన్ 13 దృష్టిలో ఇది "ప్రయోజనం" కిందికి రాదు, ఎందుకంటే డబ్బు ఆయన జేబులోకి పోలేదు. ఎన్నికల చట్టం దృష్టిలోనూ రాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 77 నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు దాకా అయిన ఖర్చునే లెక్కిస్తుంది. లోక్‌సభకు 95 లక్షలు, మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీకి 40 లక్షలు పరిమితి. నామినేషన్‌కు ముందు నెలలో ట్రస్టు పెట్టిన శిబిరాలు అందులో చేరవు. అంటే పన్ను మినహాయింపు పొందిన సొమ్ముతో ఒక అభ్యర్థికి ప్రచారం జరుగుతుంది. ఎదుటి అభ్యర్థి కూడా తాను కట్టే పన్నుతో ఆ ప్రచారానికి సాయం చేస్తున్నాడు.

ఇదంతా బయటపడాలంటే ఎక్కడ వెతకాలి? ట్రస్టు డీడ్‌లో స్థిరాస్తి లేకపోతే సబ్ రిజిస్ట్రార్ దాన్ని 4వ పుస్తకంలో నమోదు చేస్తారు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం దాని నకలు బయటివారికి ఇవ్వరు. ఆ తర్వాత లెక్కల కోసం ఆ ఆఫీసు ట్రస్టును మళ్లీ పిలవదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఉన్నటువంటి ఛారిటీ కమిషనర్ మనకు లేరు. ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో వెతికితే ట్రస్టు పేరు, పాన్, రిజిస్ట్రేషన్ సెక్షన్, తేదీ దొరుకుతాయి, అక్కడితో సరి. సమాచార హక్కు కింద అడిగితే ఒకచోట వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే సెక్షన్ 8(1)(జె), ఇంకోచోట పన్ను వివరాలు బయటపెట్టడం మీద ఉన్న ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 138 చూపిస్తారు. 2023 డేటా రక్షణ చట్టంతో ఆ 8(1)(జె) ఇంకా బిగుసుకుంది. ఇదే సేవా సంస్థను కంపెనీల చట్టం కింద సెక్షన్ 8 కంపెనీగా, అంటే లాభాపేక్ష లేని కంపెనీగా పెట్టి ఉంటే, 100 రూపాయలు కట్టిన ఎవరైనా కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో దాని బ్యాలెన్స్ షీట్ చూడవచ్చు. ఒకే పని చేసే రెండు సంస్థల్లో ఒకదాని లెక్క వంద రూపాయలకు దొరుకుతుంది, రెండోదాని లెక్క ఎంత ఇచ్చినా దొరకదు. లెక్క బయటపడకూడదనుకునే కుటుంబం ఏది ఎంచుకుంటుందో మీకు తెలియనిది కాదు.

అమెరికా మాట ఎత్తితే మన సంగతి వేరు అంటారు. అక్కడి నాయకులు మనవాళ్లకంటే మంచివారని కాదు. క్లింటన్ దంపతులు 2015లో ఇచ్చిన విరాళాలు సుమారు 10.42 లక్షల డాలర్లు. అందులో 10 లక్షలు వారి కుటుంబ ఫౌండేషన్‌కే వెళ్లాయి. ట్రంప్ ఫౌండేషన్ 2013లో ఫ్లోరిడా అటార్నీ జనరల్‌కు చెందిన రాజకీయ బృందానికి 25,000 డాలర్లు ఇచ్చింది, దానికి తర్వాత ట్రంప్ 2,500 డాలర్ల జరిమానా కట్టారు. 2018లో ఆ ఫౌండేషన్ మూతకు ఒప్పుకున్నారు, 2019లో న్యూయార్క్ కోర్టు ట్రంప్‌ను 20 లక్షల డాలర్లు కట్టమంది. అధ్యక్షుడి విషయంలో ఇంత జరగడానికి పునాది 990-పీఎఫ్ అనే ఫారం. ప్రైవేట్ ఫౌండేషన్ ఏటా వేసే ఆ రిటర్ను చట్టప్రకారం బహిరంగం. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, అంతా అందులో ఉంటుంది. ఆస్తుల విలువలో సుమారు 5 శాతం ఏటా పంచాలన్న నిబంధన కూడా ఉంది, కాబట్టి ఖాళీ భూమి పెట్టుకుని కూర్చోవడం కుదరదు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు ఊళ్లలోని ట్రస్టులకు డబ్బు పంపేటప్పుడు, అక్కడ నిమిషంలో చూడగలిగే లెక్క ఇక్కడ ఎందుకు చూడలేమని అడుగుతుంటే చెప్పడానికి జవాబు లేదు.

అమ్మా, మేం కొత్త ఫారం పెట్టమనడం లేదు. ఫారం 10బీడీ ఏటా మే 31కల్లా మీ పోర్టల్‌కు చేరుతోంది. ఏ దాత ఎంత ఇచ్చాడో అందులో ఉంది. ఆడిట్ నివేదికలైన ఫారం 10బీ, 10బీబీలలో సంబంధిత వ్యక్తులకు చెల్లించిన వివరం ఉంది. 10బీడీ ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు ఫీజు వసూలు చేసి మరీ తెప్పించుకుంటున్నారు. పార్లమెంటు, శాసనసభ, మండలి సభ్యులు, మంత్రులు, వారి బంధువులు వ్యవస్థాపకులుగానో, ట్రస్టీలుగానో, 10 లక్షలు దాటిన దాతలుగానో ఉన్న ట్రస్టుల ఫారాలను బయట పెట్టండి. పాన్, ఆధార్ నంబర్లు కొట్టేసి పెట్టండి. నూటపదహార్లు ఇచ్చిన చిన్న దాత పేరు మాకు అవసరం లేదు. డయాలసిస్ కేంద్రాలు నడిపే, అనాథలను చదివించే కుటుంబ ట్రస్టులు ఉన్నాయి, వాటి లెక్క బయటికొస్తే వాటికి గౌరవమే.

సొంత కుటుంబ ట్రస్టుకు ఇచ్చిన కార్పస్‌కు 80జీ ఆపండి. అది కుదరకపోతే ఆస్తి మార్కెట్ విలువలో 5 శాతం ఏటా సేవకు ఖర్చు చేయాలని పెట్టండి. అదీ కష్టమంటే, 2025లో తీసేసిన బంధువులను ప్రజాప్రతినిధుల వరకైనా తిరిగి చేర్చండి. వీటిలో ఏదీ వెంటనే వద్దనుకుంటే, ఆ ఫారాలనైనా చూపించండి. ఎన్నికల బాండ్లను కొట్టేస్తూ 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని చెప్పింది. పార్టీకి వచ్చే డబ్బు విషయంలో ఉన్న హక్కు, అదే నాయకుడి ఇంటి ట్రస్టు దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

ఈ లేఖకు కూడా "నమోదు చేసుకున్నాం" అన్న జవాబు పంపవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాం. చేస్తామంటే ఎప్పటిలోగానో చెప్పండి. చేయలేమంటే ఏ సెక్షన్ అడ్డొస్తోందో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ట్రస్టుల లెక్కలు రాసే, ఆడిట్ చేసే కొందరు పన్ను చెల్లింపుదారులు