పని చేసేవాళ్ల మాటకు విలువ: మన అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టుల మరమ్మతు, ఇంకుడు గుంతల పూడికతీత, వినాయక చవితి, బతుకమ్మ, ఎండాకాలంలో ట్యాంకర్ల ఏర్పాటు అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఆడిటర్ సంతకంతో ఉన్న జమాఖర్చుల పట్టిక ప్రతి ఫ్లాటుకూ అందింది. వాటి మీద సందేహాలుంటే సమావేశంలో అడగండి. ఈ నివేదికలో మిగతా చోటంతా ఒకే విషయానికి ఇస్తున్నాను. మన గేటు దగ్గర, సెల్లార్‌లో, మెట్ల మీద పని చేసే మనుషులకు వాళ్ల పని మీద వాళ్లకే అధికారం ఉండాలని ఈ ఏడాది మనం మొదలుపెట్టిన ప్రయత్నం గురించి.

సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఏజెన్సీ కాంట్రాక్టు కొనసాగించాలా మానాలా తేల్చమని గత సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి అప్పగించారు. ముందు బిల్లులు తీశాం. మనిషికి ఇంత అని మనం కట్టింది ఒకటి, ఆ మనిషి చేతికి వచ్చింది మరొకటి. యూనిఫాం డబ్బులు కూడా జీతంలోనే కోసుకున్నారు. పీఎఫ్ పేరుతో బిల్లు వేశారు గానీ చలాన్లు అడిగితే చూపించలేదు. డ్యూటీ పన్నెండు గంటలు. రాత్రి మనిషి రాకపోతే పగటి మనిషే తెల్లారేదాకా గేటు కాయాలి. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్‌కి తల్లి పోయిందని కబురొస్తే, బదులు మనిషిని చూపించి వెళ్లమన్నాడట ఏజెన్సీ సూపర్‌వైజర్.

ప్రత్యేక సమావేశంలో మీరు ఓటేసి ఆ కాంట్రాక్టు ముగించారు. మెయింటెనెన్స్ పెరుగుతుందని తెలిసీ ఒప్పుకున్నారు. అందుకు కార్యవర్గం మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతోంది. ఇప్పుడు వాళ్లంతా నేరుగా సంఘం ఉద్యోగులు. ఎనిమిది గంటల చొప్పున మూడు షిఫ్టులు, వారానికో సెలవు. ఇరవై మంది ఉద్యోగులు లేకపోయినా స్వచ్ఛందంగా పీఎఫ్‌లో చేరే వీలు చట్టంలో ఉంది కాబట్టి చేరాం.

అంతటితో ఆగితే మంచి యజమానులం అనిపించుకునేవాళ్లం. కానీ అలాంటి మంచితనం కార్యవర్గం మారితే పోవచ్చు. ఒక మంచి మేనేజర్‌ని పెడితే చాలని కొందరు సభ్యులు అన్నారు. ఆయన మంచివాడు కాకపోతే ఎవరికి చెప్పుకోవాలని అడిగింది మన హౌస్‌కీపింగ్‌లో పని చేసే ఆమె, అదీ మనందరి ముందే. ఆ ప్రశ్న వచ్చాకే కమ్యూనిటీ హాల్లో ఆదివారం సాయంత్రాల చర్చలు మొదలయ్యాయి. సభ్యులతో పాటు ఉద్యోగులూ వచ్చి కూర్చున్నారు.

అందరికీ బాగా ఎక్కింది ఇండియన్ కాఫీ హౌస్ కథ. కాఫీ బోర్డు నడిపిన కాఫీ హౌస్‌లను 1950లలో మూసేయాలని నిర్ణయించారు. ఉద్యోగాలు పోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్, కార్మికులే సహకార సంఘాలు పెట్టుకుని వాటిని నడపాలని ముందుకు నడిపించారు. 1957 ఆగస్టులో బెంగళూరులో మొదటి సంఘం ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో మొదటి కాఫీ హౌస్ తెరిచారు. 1958లో త్రిశూర్‌లో కేరళ సంఘం వాళ్లు తమ మొదటిది పెట్టారు. విసనకర్రలా విచ్చుకున్న తలపాగాతో మన బల్ల మీద బీట్‌రూట్ మసాలా దోసె పెట్టే మనిషి ఆ సంస్థలో వాటాదారు, పాలకమండలిని ఎన్నుకునే ఓటరు. త్రిశూర్‌లో తిన్నానని చెప్పిన మన సభ్యుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఈ సంఘాలన్నీ లాభాల్లో లేవు, కొన్ని అప్పుల్లో నలిగాయి. అయినా కార్మికులు నడపలేరన్న అనుమానానికి అరవై ఏళ్లు దాటిన జవాబు అది.

రెండోది కోజికోడ్ జిల్లా వడకర దగ్గరి ఊరాలుంగల్ లేబర్ కాంట్రాక్ట్ సహకార సంఘం. కేరళ సంఘ సంస్కర్త వాగ్భటానందుడి ఉద్యమంలో చేరినందుకు భూస్వాములు పనికి పిలవడం మానేస్తే, 1925లో 14 మంది కూలీలు చేతిలో ఉన్న అణాలు కలుపుకుని మొదలుపెట్టారు. నిరుడు దానికి నూరేళ్లు నిండాయి. ఇప్పుడది జాతీయ రహదారులు వేస్తోంది, కోజికోడ్‌లో సైబర్ పార్కు నడుపుతోంది. డైరెక్టర్లను పని చేసే సభ్యులే ఎన్నుకుంటారు, ఆ డైరెక్టర్లు పని జరిగే చోటే ఉండి పర్యవేక్షిస్తారు. రోడ్డు పనికి టెండర్ వేసేది, తట్ట మోసేవాళ్లు ఎన్నుకున్న మనుషులే. ఆ మాట విన్నాక మన ఎలక్ట్రీషియన్ చాలాసేపు ప్రశ్నలు అడిగాడు: నష్టం వస్తే ఎవరు భరిస్తారు, పని ఎగ్గొట్టేవాణ్ని ఎవరు అడుగుతారు, ఎక్కువ తక్కువ జీతాలు ఎవరు తేలుస్తారు అని. నిజానికి ఏ కార్యవర్గమైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు అవే.

చేదు కథ కూడా చెప్పుకున్నాం. ముంబై కుర్లాలో ఖాయిలా పడిన రాగి గొట్టాల ఫ్యాక్టరీ కమానీ ట్యూబ్స్‌ను 1988లో సుప్రీంకోర్టు అనుమతితో కార్మికుల సహకార సంఘం చేతికి తీసుకుంది. కొన్నేళ్లు నడిచి మళ్లీ నష్టాల్లో పడింది. ఓటు హక్కు ఉన్నంత మాత్రాన రాగి ధర తగ్గదు, బ్యాంకు అప్పు పుట్టదు. ఇక మన ములుకనూరు గురించి ఒక సభ్యుడు అడిగారు. అక్కడి మహిళా డెయిరీ మనందరికీ గర్వకారణమే. ‘స్వకృషి’ పాలు మన ఫ్రిజ్‌లలోనూ ఉంటాయి. అయితే అక్కడ ఓటు పాలు పోసే మహిళలది, డెయిరీలో జీతానికి పని చేసేవాళ్ల విషయం వేరు. సహకార సంఘం అనగానే పనిచోట ప్రజాస్వామ్యం వచ్చేసినట్టు కాదు. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 1995 కింద రిజిస్టరైన మన సంఘమే అందుకు ఉదాహరణ.

చట్టాల సంగతి మన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు ఓపికగా చెప్పారు. పరిశ్రమల యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యానికి ప్రభుత్వం చర్యలు తీసుకోవాలన్న 43ఏ అధికరణం 1976 సవరణతో రాజ్యాంగంలో చేరింది. దాన్ని అమల్లోకి తేవడానికి 1990లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. బ్యాంకుల జాతీయీకరణకు చేసిన 1970 చట్టం ప్రకారం ఆ బ్యాంకుల బోర్డుల్లో కార్మికుల తరఫున ఒక డైరెక్టర్ ఉండాలి, ఆ కుర్చీలు చాలా బ్యాంకుల్లో ఏళ్ల తరబడి ఖాళీగానే ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 20 మంది, అంతకు మించి పని చేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలంటుంది. అందులో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండాలి. మన దగ్గర అంత మంది లేరు కాబట్టి అది మనకు వర్తించదు. వద్దని మాత్రం ఎవరూ అనలేదు, అందుకే అలాంటి ఉమ్మడి కమిటీ ఒకటి మనమూ వేసుకున్నాం.

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మన సభ్యురాలి కూతురు వీడియో కాల్‌లో చెప్పింది అందరికన్నా సూటిగా పనికొచ్చింది. జర్మనీలో ఐదుగురు ఉద్యోగులున్న చోట కూడా వాళ్లు తమ మండలిని ఎన్నుకోవచ్చు. ఆ మండలి ఉన్న చోట డ్యూటీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో యాజమాన్యం ఒక్కటే తేల్చడానికి లేదు, మండలి ఒప్పుకోవాలి. ఎవరినైనా తీసేసే ముందు మండలి మాట వినాలి, వినకుండా తీసేస్తే ఆ తొలగింపు చెల్లదు. ఈ రెండు సూత్రాలనూ మనకు తగ్గట్టు మన సంఘానికి తెచ్చుకున్నాం.

మొదటిది డ్యూటీ చార్టు. ఇప్పుడు దాన్ని కార్యవర్గం రాయదు. నెలాఖరు శనివారం సెల్లార్‌లో జనరేటర్ గది పక్కన టేబుల్ వేసుకుని వాళ్లే రాసుకుంటారు. మొదటిసారి ఎవరూ నోరు విప్పలేదు. పేర్లు రాసేసి లేవబోతుంటే, పాలమూరు నుంచి వచ్చిన హౌస్‌కీపింగ్ అక్క ఒకరు అందుకున్నారు: “పైన ట్యాంకు నిండి పొంగుతది సార్. నీళ్లన్నీ మెట్ల మీదకే వస్తయి. తుడిచినయే మళ్లీ తుడుస్తం. ముందుగాల మోటార్ ఏసి బంద్ చేస్తే, ఎనక మెట్లు తుడిస్తే అయిపోదా?” మెట్లు తడిగా ఉంటున్నాయని మన ఫిర్యాదుల పుస్తకంలో ఏళ్లుగా రాస్తూనే ఉన్నాం. సెన్సర్ పెట్టించడానికి కొటేషన్ కూడా తెప్పించాం. మోటార్ వేళ మార్చారు, మెట్లు ఆరాయి. పైసా ఖర్చు కాలేదు.

నైట్ డ్యూటీ పక్షం పక్షానికీ మారాలని వాళ్లే తేల్చుకున్నారు. ఒకాయన మాత్రం తనకు రాత్రులే కావాలన్నాడు. భార్య పగలు పనికి పోతుంది, చంటిపిల్లను ఆయన చూసుకోవాలి. పైనుంచి మనం చార్టు వేసి ఉంటే ఆయనకూ పక్షానికోసారి పగటి డ్యూటీ వేసి, అది న్యాయం అనుకునేవాళ్లం. శుభ్రం చేసే సామాన్ల కొనుగోలు కూడా ఇప్పుడు వాళ్ల చేతిలోనే ఉంది. బాత్రూమ్ యాసిడ్ మానేశారు. చేతులు కాలుతున్నాయని ఇదివరకు ఎవరికి చెప్పాలో వాళ్లకు తెలియదు. నడుం వంచక్కర్లేని పొడవు కర్ర మాప్‌లు తెచ్చుకున్నారు. నెల ఖర్చు నోట్‌బుక్‌లో రాస్తారు, అది ఎవరైనా చూడొచ్చు. అలాగే సంఘం జీతాల ఖాతా వాళ్లూ చూడొచ్చు. లెక్క తెలియని మనిషిని అభిప్రాయం అడగడం మర్యాదే గానీ అధికారం ఇవ్వడం కాదు.

రెండోది తొలగింపు. ఒక ఫ్లాటువారు తమ పార్సిల్ పోయిందని, గేటు దగ్గరి మనిషిని ఆ సాయంత్రమే పంపేయాలని పట్టుబట్టారు. సమాన సంఖ్యలో సభ్యులు, ఉద్యోగులు ఉన్న మన కమిటీ కూర్చుంది, ఇరువైపులా విన్నది, కెమెరా రికార్డు చూసింది. కొరియర్ అబ్బాయి పక్క బ్లాకులో అదే నంబరు ఫ్లాటు ముందు పెట్టి వెళ్లాడు. ఫిర్యాదు చేసినవారు గేటు దగ్గరికి వెళ్లి ఆ మనిషితో మాట్లాడారు. ఏజెన్సీ రోజుల్లో అయితే ఆ మనిషి రాత్రికి సంచి సర్దుకుని వెళ్లిపోయేవాడు.

ఇంకా రోజూ పెనుగులాటగానే ఉన్న విషయం సొంత పనులు. కారు తుడవమని, పాల ప్యాకెట్ తెమ్మని, సామాను మోయమని అడిగితే కాదనే హక్కు ఉద్యోగికి ఉందని నిబంధన రాశాం. కాదన్న మనిషికి పొగరని పేరు పడుతోంది. డ్యూటీలో కూర్చోవడం, ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తడం, లిఫ్టు ఎక్కడం తప్పులు కావు. దయచేసి ఇంట్లో పిల్లలకూ చెప్పండి. పేరు పెట్టి, అన్నా అనో అక్కా అనో పిలవమని చెప్పండి.

“డబ్బు మనది, పెత్తనం వాళ్లదా?” అని అడిగిన సభ్యులకు జవాబు ఇది. బడ్జెట్ ఎంతో తేల్చేది మీరే, ఈ సర్వసభ్య సమావేశమే. ఆ బడ్జెట్‌లో పని ఎలా చేయాలన్నది ఆ పని చేసేవాళ్లకు మనకన్నా బాగా తెలుసు. అలా వదిలేశాక పని చెడిందని ఫిర్యాదుల పుస్తకం చూపించలేదు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక సభ్యుడు మరో మాట అన్నారు: మా ఆఫీసులో నాకే లేని స్వేచ్ఛ మన వాచ్‌మన్‌కి ఎందుకని. ఆ బాధ నిజమైనది. అప్రైజల్ టెన్షన్‌తో నోరు మూసుకుని బతికే చదువుకున్న ఉద్యోగులు ప్రతి ఫ్లోర్‌లోనూ ఉన్నారు. లేని స్వేచ్ఛను మనం అడగాల్సింది మన ఆఫీసుల్లో, ఇక్కడ ఉన్నదాన్ని తగ్గించుకుని కాదు. ఆ సభ్యుడే తర్వాత కమిటీలో చేరి నిబంధనల ముసాయిదా రాశారు.

మిగిలినవి మూడు చిక్కులు. మగవాళ్లుంటే ఆడవాళ్లు మాట్లాడడం లేదు, అందుకే ఉద్యోగుల ప్రతినిధులిద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ కావాలని ప్రతిపాదిస్తున్నాం. ఒడిశా నుంచి వచ్చిన తోటమాలికి తెలుగు అంతగా రాదు. చార్టు మీటింగ్‌లో ఆయన మాట మరుగున పడకుండా ఒడియా తెలిసిన సభ్యులెవరైనా నెలకోసారి వచ్చి కూర్చుంటే మేలు. మూడోది అన్నిటికన్నా పెద్దది. మన నిబంధనావళి ప్రకారం కార్యవర్గంలో ఓటు ఫ్లాటు యజమానులకే. ఉద్యోగుల ప్రతినిధులు ఇప్పటికి ఆహ్వానితులుగా మాత్రమే కూర్చుంటున్నారు. డ్యూటీ వేళలు, తొలగింపులు, ఏజెన్సీకి తిరిగి అప్పగించడం వంటి నిర్ణయాలేవీ ఉమ్మడి కమిటీ ఆమోదం లేకుండా కార్యవర్గం తీసుకోరాదన్న సవరణను ఈ సమావేశంలో మీ ముందు పెడుతున్నాం. ఇది నిబంధనావళిలోకి ఎక్కితే రేపు వచ్చే కార్యవర్గానికి నచ్చినా నచ్చకపోయినా ఉంటుంది.

ఓటింగుకు ముందు ఉద్యోగుల ప్రతినిధులిద్దరూ మాట్లాడతారు. ఆ సమయంలో గేటు, మోటార్ డ్యూటీ కార్యవర్గ సభ్యులు చూసుకుంటారు. రాలేని యజమానులు తమ అభిప్రాయాన్ని రాసి ముందే ఆఫీసులో ఇవ్వగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి