పాత సామాన్లకూ రశీదు రాయించుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

కళాశాలలు తెరిచే రోజుల్లో విజయవాడలో అద్దె గదులు నిండడంతో పాటే సెకండ్ హ్యాండ్ సామాన్ల దుకాణాలూ కిటకిటలాడతాయి. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అనే సామెతను ఈ ఊరి మధ్యతరగతి ఎన్నడూ పెద్దగా పట్టించుకోలేదు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు, ఆటోనగర్‌లో పాత విడిభాగాలు కొని గడుపుకొచ్చిన ఊరు ఇది. అయితే యాభై రూపాయల పాత పుస్తకం కొనేటప్పుడు చివరి పేజీలు ఉన్నాయో లేదో తిరగేసి చూసే మనిషే, వేల రూపాయలు పోసి పాత ఫ్రిజ్ కొనేటప్పుడు బేరం మీద గంట గడిపి, వస్తువును మాత్రం పైపైన చూసి ఆటో ఎక్కిస్తున్నాడు.

మన నగరంలో ఆ జాగ్రత్తకు ప్రత్యేక కారణం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, అక్కడి ఇళ్లలోని ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, మోటారు సైకిళ్లు అన్నీ మునిగాయి. వాటిలో తుక్కుకు పోయినవి పోగా, బాగుచేయించి మళ్లీ అమ్మకానికి పెట్టినవీ ఉంటాయి. బాగుచేసి అమ్మడంలో తప్పులేదు. ఆ సంగతి చెప్పకుండా అమ్మడమే తప్పు.

ఫ్రిజ్ విషయంలో కొనేవారు స్వయంగా పట్టుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. వెనక్కి తిప్పించి, అడుగున ఉన్న మరలకు తుప్పు పట్టిందేమో, కంప్రెసర్ పక్కనున్న వైర్ల దగ్గర ఎండిన బురద ఉందేమో చూడాలి. కంప్రెసర్ మూసిన ఉక్కు డబ్బా కాబట్టి నీళ్లకు కొంత తట్టుకున్నా, గోడల లోపలి ఫోమ్‌లోకి తేమ చేరితే చల్లదనం నిలవదు, మోటారు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. దుకాణదారు పది నిమిషాలు ప్లగ్గు పెట్టి లైటు వెలిగించి చూపితే చాలదు. ఉదయమే వెళ్లి ఆన్ చేయించి, సాయంత్రం వచ్చి ఫ్రీజర్‌లో పెట్టిన నీళ్లు గడ్డకట్టాయో లేదో చూసుకోవాలి. ఒప్పుకోని దుకాణం నుంచి కొనకపోవడమే మేలు. తలుపు సందులో ఒక నోటు పెట్టి తలుపు మూసి లాగితే, అది సులువుగా జారివచ్చిందంటే రబ్బరు వదులైందని అర్థం. ఆ రబ్బరు మార్పించే ఖర్చును ధరలో తగ్గించమని అడగవచ్చు.

కరెంటు పొదుపును తెలిపే స్టార్ల లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. ఇంధన సామర్థ్య మండలి ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంది కనుక, పదేళ్ల నాటి అయిదు స్టార్లు నేటి అయిదు స్టార్లతో సమానం కావు. లేబుల్ మీద ఉన్న సంవత్సరాన్ని, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో తెలిపే అంకెను చూసి, ఆ మేరకు పడే బిల్లును కూడా ధరకు కలుపుకుంటే ‘చవక’ ఏపాటిదో తేలిపోతుంది. ఫోన్ల విషయంలో ఒక్కమాట చాలు: *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఆ ఫోను గుర్తింపు) నంబరును ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకోకుండా పాత ఫోను కొనకూడదు.

సోఫాలు, మంచాల సంగతి వేరు. పాత ఇళ్లు పడగొట్టేచోట వచ్చే టేకు మంచం, చెదలు పట్టకపోతే, ఇంకో తరానికి సరిపోతుంది. పొట్టు బోర్డుతో చేసిన బీరువా ఒక్కసారి తడిసి ఉబ్బిందంటే దానికి మరమ్మతు లేదు, పైన ఎంత మెరుపు కాగితం అతికించినా సరే.

అసలు నా మనవి రశీదు గురించి. ‘పాత సామానుకు బిల్లేమిటండీ’ అన్న సమాధానం మన దుకాణాల్లో మామూలైపోయింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వాడిన వస్తువును, బాగుచేసిన వస్తువును కొత్తదిగా చూపి అమ్మడమూ, అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడమూ అనుచిత వాణిజ్య పద్ధతులే. అయిదు లక్షల రూపాయల లోపు వస్తువుపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. కాని చేతిలో కాగితం లేనివాడు, కొన్నది ఆ దుకాణంలోనే అని నిరూపించుకోవడానికే తిప్పలు పడాలి. వస్తువు పేరు, క్రమసంఖ్య, ధర, మార్చిన భాగాలు, నీట మునిగిందా లేదా, ఎన్నాళ్లలోపు చెడితే ఎవరు బాగుచేయించాలి అన్నవి రాసి సంతకం చేసిన రశీదును ప్రతి కొనుగోలుదారూ అడగాలి. నిజాయితీగా వ్యాపారం చేసే దుకాణదారులకు దీనివల్ల నష్టం లేదు, పైగా పక్కవాడు దాచి అమ్మేది బయటపడుతుంది. వరద ప్రాంతాలకు దగ్గరలోని దుకాణాలను జిల్లా పౌరసరఫరాల అధికారులు ఒకసారి తనిఖీ చేసి, ఇలాంటి రశీదు ఇవ్వాలని చెప్పి, వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915ను ప్రతి దుకాణం గోడపై రాయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సత్యనారాయణపురం, విజయవాడ