డిమెన్షియా ఇళ్లకు రాత్రిపూట దిక్కేది?

సంపాదకుడికి,

సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం గురించి మీ పత్రికలో వచ్చిన కథనంపై ఆలస్యంగానైనా రాయక తప్పడం లేదు. ర్యాలీ ఫొటో వేశారు, ముఖ్య అతిథి ప్రసంగం వేశారు. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి జబ్బులతో జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే స్థితి, వచ్చిన మనిషి మంచం పక్కన కూర్చునే భార్యకో కోడలికో పనికొచ్చే ముక్క మాత్రం ‘ఆన్‌లైన్‌లో సమాచారం ఉంది’ అన్న ఒక్క వాక్యమే. ఎక్కడుంది? ఏ భాషలో ఉంది?

చూసుకునేవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ‘ఐసపోర్ట్’ అనే ఆన్‌లైన్ శిక్షణ తెచ్చింది. 5 భాగాలు, 23 పాఠాలు. ఆ పేరు చీటీ మీద రాసిచ్చే డాక్టర్లు మన జిల్లాల్లో ఎందరు? జ్ఞాపకశక్తికి ఇచ్చే డొనెపెజిల్ మాత్ర రాసి మూడు నెలలకు రమ్మంటారు, అంతే.

ఇంట్లోవాళ్లకు తెలియాల్సినవి వేరే ఉన్నాయి. పొద్దుగుంకే వేళ పెద్దాయన ‘మా ఇంటికి పోతాను’ అని గుమ్మం దగ్గర నిలబడితే ‘ఇదే మనిల్లు’ అని వాదించకూడదు, గొడవ ముదురుతుంది. చీకటి పడకముందే లైట్లన్నీ వేసి, మడతపెట్టమని నాలుగు తువ్వాళ్లు చేతికిస్తే చాలాసార్లు సర్దుకుంటారు. స్నానానికి తిరగబడే మనిషి నెత్తిన చెంబెడు నీళ్లు గుమ్మరించకూడదు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒంటిమీద తువ్వాలు కప్పి, పాదాల నుంచి మొదలుపెట్టాలి. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఒక్కరోజులో తికమకపడితే, మగతలో పడితే జబ్బు ముదిరిందని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, జలుబుకని మందుల షాపులో ఇచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ బిళ్లో కారణం కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇవన్నీ ఇంగ్లీషు పీడీఎఫ్‌లో ఉంటే ఎవరికి లాభం? మూడేసి నిమిషాల తెలుగు ఆడియోలుగా వాట్సాప్‌లో రావాలి. జిల్లాకో గ్రూపు పెట్టి, పదిహేను ఇరవై ఇళ్లకు మించకుండా, శిక్షణ పొందిన నర్సునో సైకాలజిస్టునో అందులో ఉంచాలి. ఆ మనిషి లేకపోతే అది నెల తిరక్కుండా జ్ఞాపకశక్తి చూర్ణాల ప్రచారానికి అడ్డా అవుతుంది. జూమ్ సమావేశం ఉదయం పదకొండుకు పెడితే ఎవరొస్తారు? అన్నం తినిపించడాలు, బట్టలు మార్చడాలు అప్పుడే కదా. రోగి పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టాలి, కెమెరా తప్పనిసరి చేయకూడదు. గడప దాటలేని వాళ్లు కాబట్టే ఆన్‌లైన్ అడుగుతున్నారు.

2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 పనిచేస్తోంది. తెలుగులోనే, 24 గంటలూ మాట్లాడొచ్చు. అక్కడి కౌన్సెలర్లకు డిమెన్షియాపై విడిగా శిక్షణ ఇచ్చి, వారం తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేసే పద్ధతి పెడితే కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. కేరళ డిమెన్షియా కోసం ‘స్మృతిపథం’ పేరుతో పథకమే పెట్టింది. మన రెండు ప్రభుత్వాలకూ ఏమైంది?

ఆన్‌లైన్ అంటే మన అధికారులకు తెలిసింది జీవన్ ప్రమాణ్, అంటే పెన్షనర్లు బతికే ఉన్నామని ఇచ్చే డిజిటల్ ధ్రువపత్రం, ఒక్కటే. ఫోన్ ముందు రెప్పలు ఆర్పమంటారు. ఆ మాట అర్థంకాని మనిషి ఎలా ఆర్పుతాడు? వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి, బ్యాంకుకు వెళ్తే సంతకం తెమ్మంటారు. మనిషికి సొంతంగా నిర్ణయించుకునే తెలివి పోయాక, తన తరఫున వ్యవహరించమని అంతకుముందు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు, సంరక్షకులుగా నియమించమని చాలామంది చివరికి హైకోర్టు గడప తొక్కాల్సి వస్తోంది. అయినవాళ్లను కంటికి రెప్పలా కాచుకుంటున్నందుకా ఈ శిక్ష? పెన్షన్ సిబ్బందే ఇంటికొచ్చి చూసి రాసుకుపోవాలి.

ప్రభుత్వాలు కదిలేదాకా మీరైనా 14416 నంబరును, ఒక్కో సమస్యకు ఏం చేయాలో వారానికి నాలుగు వాక్యాలను జిల్లా పేజీలో అచ్చువేయండి.

— ఒక పాఠకురాలు, తెనాలి