సర్వేకు తెల్లవారుజామున రండి

సంపాదకులు గారికి, నమస్కారం.

మా పాత కూరగాయల బజారు మోండా మార్కెట్‌ను కొత్తగా కడతారన్న మాట సికింద్రాబాద్ వాళ్లకు కొత్త కాదు. కొన్నేళ్లకోసారి ఎవరో ఒకరు అంటారు, నాలుగు రోజులు మాట్లాడుకుంటాం, మళ్లీ మర్చిపోతాం. అయితే ఇప్పుడు నడిచి వెళ్లేంత దూరంలోనే రైల్వే స్టేషన్‌ను 720 కోట్ల రూపాయల పనితో మార్చేస్తున్నారు. స్టేషన్ అంత బాగయ్యాక దాని వెనక ఈ సందులు ఇలాగే ఉంటాయా అని అడగని వాళ్లు లేరు. ఉండకూడదనే నేనూ అంటాను. వానపడితే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిన మార్కెట్ అది. పాతదంతా బంగారమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

నాది ఒక్కటే విన్నపం. కొలతలు తీసుకునే వాళ్లు పగలు పదకొండింటికి కాకుండా తెల్లవారుజామున రావాలి.

ఇలా అనడానికి కారణం ఉంది. ఆ మధ్య నేను కూరగాయలకు వెళ్లినప్పుడు ఇద్దరు కుర్రాళ్లు టేపు పట్టుకుని షట్టర్లు లెక్కపెడుతున్నారు. ఎవరు పంపారని అడిగితే సరిగ్గా చెప్పలేదు. షట్టరు ఉన్న ప్రతి కొట్టుకూ ఒక నంబరు రాసుకున్నారు. నేను ముప్పై ఏళ్లుగా ఆకుకూరలు కొనే ఆమెకు షట్టరు లేదు. ఆమె కొట్టు అంటే ఒక తడి గోనె సంచి, ఒక బకెట్టు, ఒక పాత గొడుగు. బోయిన్‌పల్లి హోల్‌సేల్ కూరగాయల యార్డులో సరుకు కొని, నలుగురితో కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, చీకటుండగానే వస్తుంది. కొత్తిమీర కట్టలు విప్పి, కుళ్లిన కాడలు ఏరి, మళ్లీ చిన్న కట్టలు కట్టి, వేళ్లతో నీళ్లు చిలకరిస్తుంది. పదిన్నరకల్లా గోనె మడిచి వెళ్లిపోతుంది. ఆ కుర్రాళ్లు వచ్చేసరికి అక్కడ తడి మాత్రమే ఉంది. వాళ్ల లెక్కలో అది ఖాళీ జాగా. రేపు నక్షాలో అక్కడ రెండు పూల కుండీలు పెడతారు.

హమాలీలదీ అదే సంగతి. ఏ సందులోంచి ఎంత బరువు వస్తుందో, తోపుడు బండి ఎక్కడ తిరగలేక ఇరుక్కుంటుందో వాళ్లకు కంఠతా వచ్చు. ఏ నక్షా గీసేవారైనా ఒక్క పూట వాళ్ల వెనక నడిస్తే చాలు.

నాకు అసలు భయం పై అంతస్తు గురించి. కింద పార్కింగ్, మీద కూరగాయలు అంటే వినడానికి బాగుంటుంది. మన ఊళ్లలో మున్సిపల్ కాంప్లెక్సుల పై అంతస్తులు చూడని వాళ్లెవరు? తుప్పు పట్టిన షట్టర్లు, మెట్ల మూలల్లో పాన్ మరకలు. ఆకుకూరలామెను అడిగితే నవ్వింది. "పైకెవరెక్కుతరమ్మా? నాలుగు టమాటల కోసం నువ్వెక్కుతవా?" నా మోకాళ్లు ఆమెకు తెలుసు, అందుకే అలా అడిగింది. నిజంగానే ఎక్కను. మా వీధిలోకి వచ్చే బండి దగ్గర కొనేస్తాను, లేదంటే మా అబ్బాయి ఫోన్‌లో ఆర్డరు పెట్టేస్తాడు.

మోజంజాహీ మార్కెట్‌ను చూడండి అంటారు. చూశాను, బాగుంది. ఏడో నిజాం కాలంలో 1935లో కట్టిన ఆ రాతి కట్టడం ఫ్లెక్సీలు, వైర్లు, రేకుల కింద కనపడకుండా పోయింది. బాగుచేసి 2020 ఆగస్టులో తెరిచారు. గడియారం బురుజు తళతళలాడుతోంది. లోపలి ఆవరణలో సాయంత్రం పూట జనం కూర్చుని ఐస్‌క్రీం తింటున్నారు. డబ్బున్నవాడూ లేనివాడూ ఊరి నడిబొడ్డున ఒకే గట్టు మీద కూర్చునే చోటు ఒకటి దొరకడం చిన్న విషయం కాదు. కానీ మా మనవడికి అది ఐస్‌క్రీం తినే చోటు. ఒకప్పుడు అది ఊరికి పండ్లు పంచిన మార్కెట్ అంటే నమ్మడు. ఆ పండ్ల వ్యాపారం 1980లలో గడ్డిఅన్నారం వెళ్లింది, 2021లో అక్కడి నుంచి బాటసింగారం వెళ్లింది. మధ్యలో కోహెడలో తాత్కాలికంగా వేసిన షెడ్లు 2020 మేలో గాలివానకు కూలిపోయాయి. లారీ మామిడికాయలు ఊరి బయటికి వెళ్తే అర్థముంది. రెండు కట్టల పాలకూరకు నేను ఔటర్ రింగ్ రోడ్డు దాకా వెళ్లలేను కదా.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టంలో ఉన్న సంగతులు మాలాంటి వాళ్లకు ఎవరూ చెప్పరు. వీధి వ్యాపారుల సర్వే పూర్తికాకుండా ఎవరినీ అక్కడి నుంచి లేపకూడదు. ఆ చట్టం కింద వేసే పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న సహజ మార్కెట్లను, అంటే వాటంతటవే ఏర్పడిన మార్కెట్లను, వారసత్వ మార్కెట్లుగా ప్రకటించి, అక్కడి వీధి వ్యాపారులను తరలించకూడదని రెండో షెడ్యూలులో స్పష్టంగా రాసి ఉంది. మోండాలో 1826 నాటి పాత జైల్‌ఖానాను కాపాడమని రాసేవాళ్లున్నారు, సంతోషం. ఆ పక్క సందుల్లో గోనె పరిచి కూర్చునే వాళ్ల కోసం మాత్రం ఈ షెడ్యూలు ఇంతవరకు ఎవరూ తిరగేసినట్టు లేదు.

ఇక కట్టేటప్పుడు ముందు మరుగుదొడ్లు కట్టండి. ఆకుకూరలామె ఇంటికి వెళ్లేదాకా నీళ్లు తాగదు, ఎండాకాలం కూడా. ఎందుకని నేను అడగలేదు, అడగక్కర్లేదు కూడా. చెత్తకు దారి దూరంగా వెతకక్కర్లేదు. బోయిన్‌పల్లి మార్కెట్‌లోనే రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్తతో 500 యూనిట్ల దాకా కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. సరుకు అక్కడి నుంచే వస్తోంది కాబట్టి, తిరిగి వెళ్లే ఆటోల్లో చెత్త పంపే ఏర్పాటు చేయొచ్చేమో ఆలోచించండి.

కొలతలకు వచ్చే అధికారులు నాలుగున్నరకు స్టేషన్ వైపు నుంచి రండి. ఆ వేళకు టీ కొట్టు తెరిచే ఉంటుంది. ఆటోలు దిగేది దాని ముందే.

– ఒక పాఠకురాలు,
పశ్చిమ మారేడుపల్లి, సికింద్రాబాద్