మోకాళ్ళు మీ నాయనవి

తిరుపతి,
ఆదివారం

ఒరే సుబ్బూ,

నీ మెసేజ్ చూశా. మీ నాయనకి మోకాలి చిప్పల మార్పిడి చేయించాలని అన్నదమ్ములు ముగ్గురూ ఫోన్లోనే తేల్చేశారట. ఆయన నోట ఒక్క మాటైనా వచ్చిందా?

మా అమ్మ సంగతి విను. పోయినేడు ఇక్కడే ఒక ఆసుపత్రిలో చూపించాం. డాక్టరు మాట్లాడిందంతా మా అన్నతోనే. అమ్మ పక్కనే కూర్చుని, ఒళ్ళో ఎక్స్‌రే కవరు పెట్టుకుని, ఎవరి గురించో చెప్పుకుంటున్నట్టు వింటా ఉంది. 'పెద్దామెకి ఇవన్నీ చెబితే టెన్షన్ పడతారు' అన్నాడాయన. చెప్పకపోతేనే కదరా టెన్షన్!

చివరికి ఆమే నోరు తెరిచింది: 'సామీ, ఆపరేషన్ అయినాక కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చునా?' ఆయన ఆగాడు. కింద కూర్చోవడం, గొంతుకూర్చోవడం మానుకోవాలన్నాడు. 'మరి అలిపిరి మెట్లు?' ఇంట్లో మెట్లు ఎక్కొచ్చు గానీ 3,550 మెట్ల మీద ఆశ పెట్టుకోవద్దమ్మా అన్నాడు. మళ్ళీ కొండకి నడిచిపోవచ్చనే ఆమె ఒప్పుకుందని మాకు అప్పుడు తెలిసింది! కొన్నాళ్ళు ఆలోచించి, 'నొప్పి లేకుండా వీధిలో తిరిగితే చాలు, చేయించండి' అంది.

ఇంకొకరిని కూడా మేం అడగలేదు. మా వదిన. మాత్రలిచ్చేది, ఫిజియోథెరపీ చేయించేది, రాత్రి లేస్తే చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది ఆమే. 'దొడ్లో ఉండేది ఇండియన్ టాయిలెట్. దాని మీద ఎట్లా కూర్చోబెట్టేది?' అని అడిగితే అందరం మొహాలు చూసుకున్నాం. ముందు ఇంట్లోనే కమోడ్ పెట్టించి, తర్వాతే ఆపరేషన్ తేదీ తీసుకున్నాం.

ఖర్చు నాది కాబట్టి మాటా నాదే అంటావేమో. 70 నిండినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ కార్డు 2024 నుంచి ఇస్తున్నారు. మీరు పోయే ఆసుపత్రి అందులో ఉందేమో కనుక్కో. పైగా మతి స్థిమితంగా ఉన్న మనిషికి బదులు ఇంకొకరి సంతకం చెల్లదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణానికి ముప్పు లేనప్పుడు ఆమె మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందని కోర్టు అంది. తల్లి మాటే చెల్లనప్పుడు కొడుకుల ఫోన్ కాన్ఫరెన్స్ ఏం చెల్లుతుందిరా!

శనివారం చిత్తూరు వస్తున్నావు కదా. మీ నాయన్నీ, ఆయన్ని చూసుకునే మీ చెల్లినీ ఇద్దరినీ డాక్టరు దగ్గరికి తీసుకుపో. ఆయనకి ఎడమ చెవి వినపడదు, కుడి వైపు డాక్టరు ఉండేట్టు కూర్చోబెట్టు. ముందుగానే ఆయన్ని అడిగి ప్రశ్నలు కాగితం మీద రాసుకో. కాణిపాకం బస్సు ఒక్కడే ఎక్కాలంటాడో, పొలం గట్టు మీద నడవాలంటాడో! నువ్వు మధ్యలో దూరి జవాబులు చెప్పొద్దు, నీకు ఆ అలవాటు ఉంది. బయల్దేరేటప్పుడు ఫోన్ చెయ్, నేనూ వస్తా.

నీ
మురళి