పెద్దనాయిన అడిగిన ప్రశ్నకి మాంచెస్టర్ నుంచి

మాంచెస్టర్,
ఆదివారం సాయంత్రం

పెద్దనాయినకి,

"వందనాలు" అంటే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు కాబట్టి నమస్తే. మేమంతా బాగున్నాం. పిల్లకి దగ్గు తగ్గింది. ఇక్కడ చలి ముదిరింది, నాలుగు దాటితే చీకటే.

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాట దగ్గరే ఆగిపోయాను. "సైన్సు చదివినవ్, నర్సువి, చావులు కండ్లతో చూస్తవ్. చచ్చిన యేసు మళ్ల లేచిండంటే ఎట్ల నమ్ముతున్నవ్ బిడ్డా?" అన్నావు. నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మ ఫోన్ లాక్కుని కూరగాయల ధరలు ఎత్తుకుంది. అందుకే ఈ ఉత్తరం. ఇందులోనైతే మధ్యలో నువ్వు అడ్డం రాలేవు.

ముందు నీ పాత పాట సంగతి తేల్చేస్తాను. మనవాళ్లు బియ్యానికీ బడికీ ఆశపడి మతం పుచ్చుకున్నారని ఎప్పుడూ అంటావు. కావచ్చు. 1889లో రష్యా నుంచి ఇండియాకి వచ్చిన ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో మిషన్ పెట్టారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల చేతికి ఎవరైనా పలక ఇస్తామంటే పోకుండా ఎలా ఉంటారు? అవ్వ కూడా తల్లిగారింటికి కాన్పుకి పోయి, జడ్చర్ల మిషన్ ఆస్పత్రిలో బాపుని కన్నాకే ఆదివారాలు చర్చికి పోవడం మొదలుపెట్టిందట. కానీ ఎందుకు పోయారన్నది ఒక ముచ్చట, పోయిన చోట విన్నది నిజమా కాదా అన్నది ఇంకో ముచ్చట. నువ్వు మొదట పార్టీ మీటింగులకి పోయింది బుర్రకథ వినడానికే కదా? అంతమాత్రాన మార్క్స్ చెప్పింది తప్పయిపోదు, ఒప్పూ అయిపోదు.

లాభాల లెక్కే తీస్తే అది మనకి ఎదురు తిరుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. మన దగ్గర బీసీ-సీలో వేసి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఆ ఒక్క శాతంలో టీచర్ పోస్టు కోసం ఎంతకాలం ఎదురుచూశావో నాకు చెప్పింది నువ్వే. కాగితం మీద ఒక పేరు, చర్చిలో ఒక పేరు పెట్టుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. కడుపు కోసం చేసిన పని, వాళ్లని నేను ఒక్క మాట అనను. కానీ అవ్వ ఆ పని చేయనివ్వలేదు. అది బియ్యం లెక్క కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఊర్లో డీన్స్‌గేట్ రోడ్డు మీద జాన్ రైలాండ్స్ లైబ్రరీ అని ఒక పాత భవనం ఉంది, టికెట్ లేకుండానే లోపలికి పోవచ్చు. అక్కడ అద్దాల పెట్టెలో ఒక పపైరస్ ముక్క చూశాను. ఆధార్ కార్డు కంటే కాస్త పెద్దది, అంచులన్నీ చిరిగిపోయి ఉంది. 1920లో ఈజిప్టులో కొన్న పాత రాతల కట్టలో వచ్చిందట. అదేమిటో ఎవరూ పట్టించుకోకుండా ఏళ్లపాటు పడి ఉండి, 1935లో అచ్చులోకి ఎక్కింది. రెండు వైపులా గ్రీకు అక్షరాలు, యోహాను సువార్త 18వ అధ్యాయంలోవి. ఒక వైపు యూదులు రోమన్ అధికారి పిలాతుతో అన్న మాటలు, వెనక వైపు పిలాతు యేసుని విచారించేటప్పటి మాటలు. రెండో శతాబ్దానిదని ఎక్కువమంది అంటారు, మొదటి సగమా చివరి సగమా అని పండితులు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

నువ్వు అనబోయేది నాకు ఇక్కడికే వినిపిస్తోంది. పాత కాగితం అయినంత మాత్రాన అందులోది నిజమైపోతుందా? కాదు. పాత అబద్ధాలూ ఉంటాయి. అది చూసి నేను నమ్మలేదు. కాకపోతే అక్కడ నిలబడినప్పుడు ఒకటి తట్టింది. "అనగనగా ఒక రాజ్యంలో" అని మొదలయ్యే కథ కాదు ఇది. ఇందులో ఒక ఊరు ఉంది, విచారణ ఉంది, శిక్ష వేసిన అధికారి పేరు ఉంది. ఆ పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో ఇజ్రాయెల్‌లోని కైసరయ తవ్వకాల్లో దొరికింది. రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌కి క్రైస్తవులంటే అసహ్యం, వాళ్లది ప్రమాదకరమైన మూఢనమ్మకం అని రాశాడు. ఆయన కూడా తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు క్రీస్తుని చంపించాడనే రాశాడు. గిట్టనివాడు ఇచ్చిన సాక్ష్యానికి విలువ ఎక్కువని నీకు నేను చెప్పాలా?

చంపారు, సరే. లేచిన సంగతి ఏమిటంటావు. మొదట క్రైస్తవుల్ని వేధించి తర్వాత తానే క్రైస్తవుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం తీయి, 15వ అధ్యాయం. అది శిలువ జరిగాక పాతికేళ్లు కూడా నిండక ముందు రాసింది. పాతికేళ్లంటే ఎంత? 1983 ఎన్నికల సంగతి నువ్వు నిన్న జరిగినట్టు చెబుతావు. క్రీస్తు లేచి శిష్యుడు పేతురుకి కనిపించాడు, పన్నెండు మంది శిష్యులకి కనిపించాడు, ఒకేసారి ఐదు వందల మందికి పైగా కనిపించాడు, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అని రాస్తాడు పౌలు. కావాలంటే పోయి అడుగు అన్నట్టే కదా అది. ఇదంతా తాను కల్పించింది కాదని, తనకి అప్పగించిందే చెబుతున్నానని కూడా అంటాడు. గలతీయులకి రాసిన ఉత్తరంలో, తాను మారిన మూడేళ్లకి యెరూషలేము పోయి పేతురు దగ్గర పదిహేను రోజులు ఉన్నానని, యేసు తమ్ముడు యాకోబుని కలిశానని రాస్తాడు. పదిహేను రోజులు కూర్చుని వాళ్లు వాతావరణం గురించి మాట్లాడుకుని ఉండరు.

ఈ యాకోబు దగ్గరే నేను చాలాకాలం ఆగిపోయాను. యేసు బతికి ఉన్నప్పుడు తమ్ముళ్లు ఆయన్ని నమ్మలేదని యోహాను సువార్తే దాచకుండా రాసింది. ఆ తర్వాత అదే యాకోబు యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. క్రీ.శ. 62లో అతన్ని రాళ్లతో కొట్టించారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. బాపు నిన్ను దేవుడని ఒప్పుకోవాలంటే ఏం జరగాలో ఒక్కసారి ఆలోచించు. నవ్వకు, ఆలోచించు.

నమ్మకం కోసం చచ్చినవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు అంటావు. ఉన్నారు, మన జిల్లాలో మరీ ఎక్కువ. 1946 జులై 4న, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న కడవెండిలో, దొర మీద తిరగబడ్డ పోరాటంలో దొడ్డి కొమరయ్య తూటాకి పడిపోయాడు. జనం భయపడలేదు, ఇంకా లేచారు. స్థూపాలు కట్టారు, పాటలు కట్టారు, నేటికీ దండలు వేస్తున్నారు. కానీ కొమరయ్య మూడో రోజు వచ్చి మాతో కూర్చుని అన్నం తిన్నాడని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు, ఆయన ఆశయం చాలు. యేసు శిష్యులకీ ఆ దారి ఉంది. మా గురువు అమరుడు, ఆయన బోధ బతికే ఉంది అంటే సరిపోయేది, ఇంత గొడవా ఉండేది కాదు. పైగా మానుకి వేలాడదీసినవాడు శాపగ్రస్తుడని వాళ్ల ధర్మశాస్త్రమే చెబుతుంది. అలాంటివాణ్ణి పట్టుకుని, ఏ ఊర్లో చంపారో అదే ఊర్లో నిలబడి "లేచాడు, మేం చూశాం" అన్నారు. చచ్చినంత మాత్రాన మాట నిజమైపోదు, ఒప్పుకుంటాను. కానీ తాను అల్లిన అబద్ధమని తెలిసి తెలిసి దానికోసం ప్రాణం ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు?

దుఃఖంలో భ్రమపడి ఉంటారు అనే మాట కూడా ఉంది. మా వార్డులో అందరూ ముసలివాళ్లే. భర్త పోయిన ఆడవాళ్లు కొందరు "నిన్న రాత్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడమ్మా" అని నాతో చెబుతారు. తర్వాత ఏడుస్తారు. ఎందుకంటే ఆయన లేడని వాళ్లకి తెలుసు. సమాధి ఖాళీ అయిందని ఒక్కరూ అనలేదు. అయినా పౌలుకి దుఃఖం ఎక్కడిది? వాళ్లని జైల్లో వేయించడానికి తిరిగినవాడు ఆయన.

ఇంకోటి. ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్లని నాలుగు సువార్తలూ రాశాయి. ఆడవాళ్ల సాక్ష్యం చెల్లనివ్వకూడదని రాసిన కాలం అది, ఆ మాట జోసీఫస్‌దే. కథ అల్లేవాడు మగ్దలేనే మరియని ముందు నిలబెట్టడు. ఈ ఒక్క కారణం నాకు మిగతా అన్నిటికంటే గట్టిగా అనిపిస్తుంది, నేను ఆడదాన్ని కాబట్టేమో కూడా.

ఇంత చెప్పినా నీ మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర మాట లేదు. మర్రిగూడ నీళ్లు తాగి నలభై ఏళ్లకే వంగిపోయినవాళ్లని, దొడ్డికాళ్ల పిల్లల్ని చూస్తూ పెరిగాను. దేవుడుంటే బోరులో ఫ్లోరైడ్ ఎందుకు పెట్టాడని నువ్వు అడిగితే పాస్టరు గారు "పాప ఫలితం" అన్నాడట. ఆ మాటకి నాకూ ఒళ్లు మండింది. బైబిల్లో కష్టాలపాలైన యోబుతో అతని స్నేహితులు సరిగ్గా అదే అన్నారు, దేవుడు వాళ్లనే తిట్టాడు. నువ్వు బడిలో బకెట్లో పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చి పిల్లలకి పోసేవాడివి, చేతులు తెల్లగా పొక్కిపోయేవి. ప్రార్థన కాదు, పటికా కృష్ణా నీళ్లూ బాగుచేశాయి అంటావు. నిజమే. నీ చేతులతో ఆ పని చేయించింది ఎవరో అని నేను అనుకుంటాను, నువ్వు అనుకోవు. అక్కడ మనిద్దరికీ కుదరదు, కుదరకపోయినా నాకేం బాధ లేదు. బాధ ఎందుకు ఉందో శిలువ చెప్పదు. దాన్ని దూరం నుంచి చూసే దేవుడు కాదని మాత్రం చెబుతుంది. నాకు నైట్ డ్యూటీలో అది సరిపోతుంది. నీకు సరిపోకపోవచ్చు.

స్వస్థత కూటాల పోస్టర్లు చూపించి నన్ను ఎగతాళి చేయకు. షుగర్ గోళీలు మానేయమని చెప్పేవాళ్ల మీద నీకంటే నాకే కోపం ఎక్కువ.

ఒక పని చెయ్యి. నా బైబిలు నడి ఇంట్లో అలమారలోనే ఉంది. మార్కు సువార్త చిన్నది, రెండు గంటల్లో అయిపోతుంది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు పెన్సిల్ పట్టుకుని చదువు, తప్పు అనిపించిన చోటల్లా గీత పెట్టు. చివర 16వ అధ్యాయం ఎనిమిదో వచనం దగ్గర ఆగు. అన్నిటికంటే పాత ప్రతుల్లో పుస్తకం అక్కడితోనే అయిపోతుంది, మిగిలింది తర్వాత చేర్చిందని క్రైస్తవ పండితులే చెబుతారు. ఆ మాట నేను ముందే చెప్పేశాను, దాన్ని పట్టుకుని గెలిచాననుకోకు. శవం ఏమైందో నీ లెక్క ఏమిటో రాసి పంపు, ఫోన్లో వద్దు, పెద్దమ్మ మాట్లాడనివ్వదు.

మోకాళ్ల ఎక్స్‌రే తమ్ముడితో వాట్సాప్‌లో పెట్టించు, ఇక్కడ మా డాక్టరుకి చూపిస్తాను. నొప్పి గోళీలు పరగడుపున వేసుకోకు. ఉసిరికాయ తొక్కు పార్సిల్ అందింది, సీసా పగలలేదు, సగం అయిపోయింది కూడా.

నీ బిడ్డ