ఎగ్మూరు మ్యూజియంలో కట్టడాల చరిత్రకూ చోటివ్వండి: తమిళనాడు మంత్రివర్యులకు బహిరంగ లేఖ

తమిళనాడు ప్రభుత్వంలో మ్యూజియంల బాధ్యతలు చూస్తున్న గౌరవనీయ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

చెన్నైలో స్థిరపడిన తెలుగువాడిగా, ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం మీద చిన్నప్పటి నుంచీ అభిమానం పెంచుకున్నవాడిగా ఈ లేఖ రాస్తున్నాను. ఆ మ్యూజియంలోని వస్తువులతో సమానంగా అక్కడి కట్టడాలకు కూడా చరిత్ర ఉంది. ఆ చరిత్రను సందర్శకులకు చెప్పే శాశ్వత ప్రదర్శన ఒకటి అదే ఆవరణలో ఏర్పాటు కావాలనీ, అందులోనూ అమరావతి శిల్పాల విభాగంలోనూ తమిళం, ఇంగ్లీషులతో పాటు తెలుగు కూడా ఉండాలనీ నా విన్నపం. ఈ లేఖ తమిళ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో ప్రచురించడానికి కారణం, ఈ విషయంలో తెలుగు పాఠకులకు తెలియవలసినది కూడా చాలా ఉండడమే.

కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియం తర్వాత దేశంలో అంత పాతది మన మ్యూజియమే. మద్రాసు లిటరరీ సొసైటీ చొరవతో 1851లో నుంగంబాక్కంలోని కాలేజీ రోడ్డులో, ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ మేడ మీద దీన్ని ప్రారంభించారు. తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే సైనిక వైద్యుడు. మొదట్లో చేరినవి దాదాపు 1100 భూగర్భశాస్త్ర నమూనాలు. మా పెద్దవాళ్లు మ్యూజియాన్ని 'చచ్చిన కాలేజీ' అనీ, జంతుప్రదర్శనశాలను 'బతికిన కాలేజీ' అనీ పిలవడం నాకు గుర్తే. ఆ రెండు 'కాలేజీలూ' కొన్నేళ్లు ఒకే ఆవరణలో ఉండేవి. 1855లో బాల్ఫర్ మ్యూజియంలోనే జంతువుల విభాగం తెరిచారు. 1863లో దాన్ని పీపుల్స్ పార్కుకు తరలించారు.

1854లో మ్యూజియం ఎగ్మూరుకు వచ్చేనాటికే ఆ స్థలానికి అరవయ్యేళ్ల గతం ఉంది. 1793లో ఆ భూమి, నగరంలో దొరల వినోద కార్యక్రమాలు చూసుకునే 24 మంది సంఘం చేతికి వచ్చింది. విందులు, నృత్యాలు, నాటకాలు జరిగిన ఆ భవనం పేరు పాంథియన్. ఈనాటికీ ఆ వీధి పాంథియన్ రోడ్డే. 1821లో దాన్ని మూరత్ అనే ఆర్మీనియన్ వర్తకుడు కొన్నాడు. 1830లో ప్రభుత్వం 28,000 రూపాయలిచ్చి తిరిగి తీసుకుంది. ఆ తర్వాత మ్యూజియం అవసరాలు పెరిగినకొద్దీ ఒక్కొక్క భవనమూ లేచింది. ఎగ్మూరు ఆవరణలో తిరిగితే, వంద గజాల దూరంలోనే వేర్వేరు కాలాల, వేర్వేరు అభిరుచుల కట్టడాలు కనిపించడానికి కారణం ఇదే.

1896లో ప్రారంభమైన కన్నెమరా గ్రంథాలయాన్నీ మ్యూజియం థియేటరునూ మొదట చూడాలి. రెండింటికీ రూపకల్పన చేసింది అప్పటి మద్రాసు ప్రభుత్వానికి సలహాదారు వాస్తుశిల్పిగా ఉన్న హెన్రీ ఇర్విన్. మద్రాసు హైకోర్టు, సిమ్లాలోని వైస్రాయి భవనం, మైసూరు రాజప్రాసాదం కూడా ఆయన చేతిమీదుగా వచ్చినవే. థియేటరు గుండ్రని ముఖంతో, ఇటాలియన్ ధోరణిలో ఉంటుంది. పక్కనే గ్రంథాలయపు పాత పఠనమందిరం. ఎత్తైన కప్పు, రంగుటద్దాల కిటికీలు, ఆకులు చుట్టుకున్నట్టు చెక్కిన అలంకారాలు, టేకు పనితనం చూస్తూ నిలబడితే చేతిలో పుస్తకం ఉన్న సంగతి కూడా మరిచిపోతాం. దేశంలో వెలువడే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరవలసిన గ్రంథాలయాల్లో కన్నెమరా ఒకటి. తెలుగులో అచ్చయ్యే పుస్తకాలు కూడా చట్టప్రకారం ఇక్కడికి రావాలి.

అయితే ఈ ఆవరణకు తలమానికం విక్టోరియా మెమోరియల్ హాలు. ఇప్పుడు నేషనల్ ఆర్ట్ గ్యాలరీ అని పిలుస్తున్నాం. 1906 జనవరిలో అప్పటి వేల్స్ యువరాజు, తర్వాత ఐదో జార్జి, దీనికి శంకుస్థాపన చేశారు. 1909లో గవర్నర్ సర్ ఆర్థర్ లాలీ ప్రారంభించారు. ఇదీ ఇర్విన్ గీసిన నమూనాయే. కానీ ఇక్కడ ఆయన చూపు ఇటలీ వైపు కాకుండా అక్బరు రాజధాని ఫతేపూర్ సిక్రీ వైపు మళ్లింది. ఎదుట నిలబడి చూడండి: గోడను చీల్చుకొని లోపలికి పోయినట్టున్న ఎత్తైన ద్వారపు కమాను, దానికి అక్బరు కట్టించిన బులంద్ దర్వాజా పోలిక, పైన గొడుగుల్లాంటి చిన్న చిన్న ఛత్రీలు, రాతిలో తొలిచిన జల్లెడ తెరల్లాంటి జాలీలు, సాయంత్రపు ఎండ పడితే గులాబీ రంగు తేలే ఇసుకరాయి. దక్షిణాదిలో, సముద్రం పక్కన ఉన్న నగరంలో, విక్టోరియా రాణి పేరుతో, మొగలాయి పద్ధతిలో ఆ భవనం ఎందుకు లేచిందో ఎవరైనా నిదానంగా వివరించాలి. భారతీయ రాజరికాలకు తామే వారసులమని కంటికి చూపించడానికి బ్రిటిష్ ప్రభుత్వం, మొగలాయి తదితర భారతీయ రీతులను యూరోపియన్ కట్టడాలతో కలిపిన ఇండో సారసెనిక్ శైలిని వాడుకుంది. ఆ రాజకీయం చెప్పకుండా, కట్టడం అందంగా ఉందని మాత్రమే చెబితే సందర్శకుడికి సగమే చెప్పినట్టవుతుంది. ఆ అందాన్ని కాదనడం కూడా నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ రాతిని చెక్కిన చేతులు మనవాళ్లవి.

ఆ చేతుల గురించి, ఆ రాయి గురించి కొంత చెప్పనివ్వండి. హాలును కట్టిన గుత్తేదారు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఇంటిపేరే ఆయన తెలుగు మూలాన్ని చెబుతుంది. హైకోర్టు కట్టింది కూడా ఆయనే. మద్రాసు రూపాన్ని ఇర్విన్ కాగితం మీద గీశారు, నంబెరుమాళ్ శెట్టి తమ తాపీవాళ్లతో, రాతిపనివాళ్లతో నేల మీద నిలబెట్టారు. ఇక రాయి సత్యవేడు నుంచి వచ్చింది. అప్పట్లో సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలోది. 1960లో రెండు రాష్ట్రాల సరిహద్దులు సవరించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. సత్యవేడు వైపు నుంచి బడిపిల్లలు బస్సు కట్టించుకొని మ్యూజియానికి వస్తే, తమ ఊరి రాతి ముందు నిలబడ్డామన్న సంగతి వాళ్లకు తెలియాలి కదా. ద్వారం పక్కన నాలుగు వాక్యాల పలక చాలు. వాస్తుశిల్పి పేరుతో పాటు గుత్తేదారు పేరు, రాయి పుట్టిన ఊరి పేరు ఆ పలక మీద ఉండాలని నా మొదటి కోరిక.

రెండో విషయం మరమ్మతులది. గోడలకు పగుళ్లు కనిపించడంతో 2002 ప్రాంతంలో ఈ హాలును సందర్శకులకు మూసేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అది మూతబడే ఉంది. ఒక తరం విద్యార్థులు రవివర్మ చిత్రాలున్న ఆ గదుల్లోకి అడుగు పెట్టకుండానే చదువు ముగించుకున్నారు. ఇలాంటి కట్టడాన్ని బాగుచేయడం ఆలస్యమవుతుందని నాకు తెలుసు, తొందరపడమని నేను అడగను. ఇసుకరాయి నీటిని పీల్చుకొని మళ్లీ వదిలేస్తుంది. రాళ్ల మధ్య పాత సున్నపు గచ్చు ఆ రాకపోకలకు అడ్డుపడదు. దాని స్థానంలో సిమెంటు దట్టిస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది, లవణాలు గడ్డకట్టి రాతి ముఖాన్నే పొరలు పొరలుగా ఊడగొడతాయి. గుల్లసున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి నూరి, అద్దంలా మెరిసే గచ్చు చేసిన మేస్త్రీల ఊరు మద్రాసు. ఆ పనితనం తెలిసినవాళ్లకే ఈ హాలు బాధ్యత ఎప్పటికీ అప్పగించాలనీ, ఏ గోడకు ఎప్పుడు ఏ పని చేశారో ప్రజలు చదువుకునేలా నమోదు చేసి ప్రకటించాలనీ కోరుతున్నాను. వాస్తుకళ చదివే విద్యార్థులను పని జరిగేటప్పుడే లోపలికి అనుమతిస్తే, పుస్తకాల్లో దొరకని పాఠం వాళ్లకు దొరుకుతుంది.

ఇక అమరావతి విభాగం. ఈ లేఖలో నా మనసు ఎక్కువగా ఉన్నది అక్కడే.

అక్కడ ఒక గుండ్రటి ఫలకం ఉంది. నలగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు లొంగదీసుకున్న ఘట్టం. ఎడమవైపు ఏనుగు వీధిలో పడి మనుషులను తొక్కుతూ, తొండంతో విసురుతూ ఉంది. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మేడ కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంది. ఒకే ఫలకంలో, ఒకే ఏనుగు, రెండు క్షణాలు. పల్నాటి సున్నపురాతి మీద కృష్ణాతీరపు శిల్పి దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట చెక్కిన ఆ భయం, ఆ శాంతి ఇప్పటికీ చెదరలేదు.

ఈ రాళ్లు ఎగ్మూరు చేరిన దారిని కూడా అక్కడే చెప్పాలి. 1790లలో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తూ, రాతికోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వించినప్పుడు బౌద్ధ స్తూపం బయటపడింది. 1798లో కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ సర్వే అధికారి వచ్చి చూశారు, తర్వాత మళ్లీ వచ్చి బొమ్మలు గీయించారు. కొన్ని రాళ్లు మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి కట్టించిన బజారుకు అలంకారాలయ్యాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే మద్రాసు ప్రభుత్వ అధికారి తవ్వించి మద్రాసుకు పంపిన ఫలకాలు ఏళ్లపాటు ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. ఈనాడు అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1877లో రాబర్ట్ సూయెల్, 1881-82లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన వాటిలో చాలా భాగం ఎగ్మూరుకు వచ్చాయి. మధ్యలో దిబ్బను మొత్తంగా తవ్వించమని వచ్చిన ఉత్తర్వు వల్ల, స్తూపం ఉండవలసిన చోట గుంట మిగిలింది. మద్రాసుకు చేరిన ఫలకాలను గోడల్లో గచ్చుతో, సిమెంటుతో పొదిగారు. కాపాడాలన్న ఉద్దేశంతోనే చేసినా, ఆ గోడల తేమ, లవణాలు రాళ్లకు ఎక్కి నష్టం కలిగింది. భవన చరిత్రనూ శిల్ప చరిత్రనూ విడదీసి చెప్పలేమని నేను అనేది అందుకే. ఈ గోడలు ఆ రాళ్లకు నీడా ఇచ్చాయి, గాయమూ చేశాయి.

ఈ శిల్పాలను ఆంధ్రప్రదేశ్‌కు తిరిగి ఇవ్వాలా వద్దా అన్న చర్చను ఈ లేఖలోకి తీసుకురావడం నా ఉద్దేశం కాదు. అది రెండు ప్రభుత్వాలు కూర్చొని మాట్లాడుకోవలసిన విషయం. అవి ఇక్కడ ఉన్నంతకాలం, గుంటూరు నుంచో పల్నాడు నుంచో వచ్చిన రైతుకుటుంబం తమ భాషలో చదువుకొని అర్థం చేసుకునే వీలుండాలని మాత్రమే అడుగుతున్నాను. ప్రతి ఫలకానికీ పెద్ద వివరణ అక్కరలేదు. ముఖ్యమైన ఫలకాలకు తెలుగులో పేరు, ఘట్టం, కాలం, తవ్వినవారి పేరు ఉంటే సరిపోతుంది. గది మొదట్లో ఒక పటం పెట్టి, ఒకే స్తూపపు రాళ్లు ఇప్పుడు అమరావతిలో, చెన్నైలో, కోల్‌కతాలో, లండన్‌లో ఎలా చెల్లాచెదురుగా ఉన్నాయో చూపితే, సందర్శకుడు తాను చూస్తున్నది ఎంత పెద్ద కట్టడంలోని భాగమో గ్రహిస్తాడు.

ఖర్చు దృష్ట్యా ఇవేవీ పెద్ద పనులు కావు. తెలుగు వ్రాతలు సిద్ధం చేసి, తప్పులు లేకుండా సరిచూసే పనిని ప్రతిఫలం ఆశించకుండా చేయడానికి నేను సిద్ధం. మద్రాసు విశ్వవిద్యాలయంలోనే తెలుగు శాఖ ఉంది, అక్కడి అధ్యాపకుల సలహాను కూడా మీ అధికారులు తీసుకోవచ్చు. సత్యవేడు గనుల రాయి మరమ్మతులకు అవసరమైతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మీరు ఒక ఉత్తరం రాయండి. ముందుగా హాలు ద్వారం దగ్గరి పలక, నలగిరి ఫలకం దగ్గరి తెలుగు వివరణ, ఈ రెండింటికైనా అనుమతి ఇస్తూ మ్యూజియం సంచాలకులకు ఆదేశాలు పంపాలని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
చెన్నైవాసి అయిన ఒక తెలుగు పౌరుడు